మూరెడు కత్తి, మూడొందల ఏళ్ళ తుప్పు

మా పడగ్గది క్లాజెట్‌లో చలికోట్ల వెనక ఒక పాత జపాన్ కత్తి ఉంది. దాన్ని ఎవరికీ చూపించను. చూపించమని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. దాన్ని ఎంచుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది, పాడవడానికి ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. పాడుచేసింది మా ఆవిడ అని చాలాకాలం అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అందులో నిజమెంతో రాద్దామని ఇప్పుడు కూర్చున్నాను.

అప్పట్లో మేం అమెరికాలో, డాలస్ పక్కన ప్లేనోలో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడు నెలలకోసారి ఎవరో ఒకరి డెస్క్ ఖాళీ అయ్యేది, మిగిలినవాళ్ళం కాఫీ దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం. మా ఆవిడ విశాఖలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది, క్లాసులో మొదటి మార్కు తనదే. నన్ను పెళ్ళిచేసుకుని, భార్యలకిచ్చే హెచ్-ఫోర్ వీసా మీద వచ్చింది. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. ఆ చదువంతా ఏం చెయ్యాలో తెలియక ఇల్లు తుడిచేది, తోమేది. తోమడంలో ఆమెకి రెండే నియమాలు. పూజ సామాను శుక్రవారం శుక్రవారం చింతపండు పెట్టి తోమితే మొహం కనపడాలి. దోసె పెనం జోలికి మాత్రం ఎవరూ పోకూడదు.

ఆ పెనం వాళ్ళ అమ్మమ్మది. చీరలో చుట్టి సూట్‌కేస్‌లో పెట్టుకుని తెచ్చుకుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఓసారి ఆమెకి జ్వరం వస్తే, సాయం చేద్దామని ఆ పెనాన్ని స్టీలు పీచు పెట్టి అరగంట రుద్ది తెల్లగా చేశాను. లేచి వచ్చి పెనాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నవ్వేసింది. "అది మురికి కాదండీ. మా అమ్మమ్మ చేతినించీ పట్టిన నలుపు. ఇంకోసారి తోమకండి," అంది. నెల్లాళ్ళు దోసెలు పెనానికి అంటుకుపోయి ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఇద్దరం ఆ ముక్కలే తిన్నాం.

కత్తి పిచ్చి నాకు ఎలా పట్టిందంటే, నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, గొప్పలు పోవడానికే పట్టింది. ఫ్రెండ్స్ అందరూ ఇళ్ళు కొంటున్నారు, గోడంత టీవీలు కొంటున్నారు. నా గ్రీన్‌కార్డ్ లైన్ కదలదు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు, ఇల్లు కొనే ధైర్యం లేదు. వాళ్ళెవరి దగ్గరా లేనిది ఒకటి నా దగ్గర ఉండాలి అనిపించింది. ఒక శనివారం ఆఫీసులో పనిచేసే అమెరికన్ ఒకడు డాలస్‌లో తుపాకుల సంతకి వస్తావా అంటే సరదాగా వెళ్ళాను. తుపాకుల బల్లల దగ్గర ఆగకుండా దాటుకుంటూ పోయాను. ఒక మూల బల్ల మీద మాత్రం నాలుగైదు జపాన్ కత్తులున్నాయి. బల్ల వెనకాయన ఒకటి తీసి చేతికిచ్చాడు. నేను అలవాటుకొద్దీ ఒరను కళ్ళకద్దుకున్నాను.

పక్కనే నిలబడ్డ ఒక ముసలాయన అది చూశాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో భూతద్దంతో ఉన్నాడు. "అలా చెయ్యడం నీకు ఎవరు నేర్పారు?" అని అడిగాడు. ఎవరూ నేర్పలేదు, మేం పుస్తకాన్నైనా అలాగే కళ్ళకద్దుకుంటాం, మా దేశంలో దసరాకి ఆయుధాలకి పూజ చేస్తాం అని చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను. ఆయన నన్ను పక్కకి తీసుకెళ్ళి, అది కొనొద్దు, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఫ్యాక్టరీలో మిషన్ మీద కోసిన ఇనుము అని చెవిలో చెప్పాడు. ఫోన్ నంబరు రాసిచ్చాడు.

ఆయన రిటైరైన పళ్ళ డాక్టరు. మా ఇంటికి ఉత్తరాన గంట డ్రైవ్‌లో చిన్న ఊళ్ళో భార్యతో ఉండేవాడు. ముప్ఫై నలభై ఏళ్ళుగా కత్తులు సేకరిస్తున్నాడు. నెలకో శనివారం వెళ్ళడం మొదలుపెట్టాను. గదిలో ఒకే ఒక్క బల్బు ఉండేది. ఆ బల్బు కిందకి కత్తిమొన ఎత్తి, కాస్త అటూ ఇటూ తిప్పితే, అంచు పొడవునా తెల్లటి గీత ఒకటి పొగమంచులాగా మేలుకునేది. ఎర్రగా కాల్చిన కత్తిని కమ్మరి నీళ్ళలో ముంచిన ఆ ఒక్క క్షణంలో పుట్టిన గీత అది. మొదటిసారి కనపడినప్పుడు నాకు నోట మాట రాలేదు. గొప్పలకోసం వెళ్ళినవాణ్ణి, నిజంగానే ప్రేమలో పడ్డాను. అది కూడా రాయాలి కదా.

మాట రాకపోవడమే మంచిదైంది. కత్తి మీద మాట్లాడకూడదు. నోటి తుంపర పడితే మచ్చ పడుతుంది. వేలితో ముట్టుకోకూడదు. ముందు దణ్ణం, తర్వాత కత్తి. ఆయన భార్య కూడా వచ్చి పక్కన కూర్చుని, ఆయన తుడిచి ఇచ్చిన కత్తికి తను నూనె రాసేది. ఇద్దరూ ఒక్క మాట లేకుండా గంటసేపు పని చేసేవాళ్ళు. నాకది గుళ్ళో కూర్చున్నట్టుండేది.

మొదటి ఏడాది ఏమీ కొనకూడదు అన్నాడు. నేను ఆగలేకపోయాను. ఇంటర్నెట్ వేలంలో ఒక కత్తి కనపడింది, మీద చాలా గొప్ప పనివాడి పేరు చెక్కి ఉంది. ఫొటోలు ప్రింట్ తీసుకుని పరిగెత్తాను. ఆయన ఫొటోలో ఆ చెక్కిన సంతకం మీద బొటనవేలు పెట్టి మూసేసి, "ఇప్పుడు చెప్పు. ఈ కత్తిలో నీకేం నచ్చింది?" అన్నాడు. నేను ఆయన బొటనవేలి వంకే చూశాను. "నువ్వు పేరు కొంటున్నావు. ఆ పేరు ఈ కత్తికి తెలీదు," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండు నెలలు ఆయన మొహం చూడలేదు. తర్వాత నేనే వెళ్ళాను. ఇంకెక్కడికి వెళ్తాను?

రెండో ఏడు, 2009 వేసవిలో, ఆయన తన బీరువాలోంచి ఒక చిన్న కత్తి తీశాడు. మూరెడు పైచిలుకు ఉంటుంది. పెద్ద కత్తికి జోడీగా నడుముకి కట్టుకునేది. మూడొందల ఏళ్ళ నాటిది. చెక్కిన పేరు ఏదో పల్లెటూరి కమ్మరిది, పెద్దగా ఎవరికీ తెలియని పేరు. బల్బు కింద తిప్పి చూశాను. గీత ఎక్కడా తెగలేదు. నిదానంగా, వంకర టింకర లేకుండా, బుద్ధిమంతుడి దస్తూరీలాగా వెళ్ళింది. ఇదే కావాలి అన్నాను. ఈసారి పేరు చూడకముందే అన్నాను. ఆయన మొహంలో సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పుడు ఆయన పిడిలోంచి చిన్న వెదురు మేకు తీసి, పిడి పట్టుకున్న చేతి మణికట్టు మీద రెండో చేత్తో గుద్దాడు. పిడి ఊడి వచ్చింది. లోపల, పిడిలోకి దూరే భాగం, నల్లగా ఉంది. మామూలు నలుపు కాదు. చెయ్యి పెడితే మెత్తగా ఉంటుందేమో అనిపించే నలుపు. దాని మీద నిలువుగా ఐదారు అక్షరాలు.

"ఇది తుప్పే," అన్నాడు. "కానీ ఇదే దీని బర్త్ సర్టిఫికెట్. పైన మెరుపు సానపట్టేవాడు ఎవడైనా తెస్తాడు. ఈ నలుపుని కాలం ఒక్కటే తెస్తుంది. అక్షరాల గాడిలో చూడు. బయట ఎంత నలుపో లోపలా అంతే నలుపు. అంటే కత్తి పుట్టినప్పుడే సంతకమూ పుట్టి ఉండాలి. నాకలాగే అనిపిస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా అనిపిస్తూనే ఉంది, ఎవరినీ అడగలేదు."

అడగకపోవడానికి కారణం కూడా చెప్పాడు. కాదంటారేమోనని భయం. ఇప్పుడు కళ్ళు మసకబారుతున్నాయి, తెలుసుకోవాలని ఉంది. వచ్చే వసంతంలో కత్తుల ప్రదర్శన ఉంది, జపాన్‌నించి పరీక్షించే పెద్దలు వస్తారు, వాళ్ళు చూసి సంతకం నిజమో కాదో కాయితం రాసిస్తారు. "అప్పటికి కత్తి నీది అవుతుంది. నువ్వే పట్టుకెళ్ళు. నేను పక్కన నిలబడతాను. ఆయుధానికి పూజ చేసే ఇంటికి వెళ్తోంది, అది చాలు నాకు," అన్నాడు. నా దగ్గర ఆయన తీసుకున్నది ఆయన ఎప్పుడో కొన్న వెల మాత్రమే.

ఆయన భార్య గుమ్మం దగ్గర నిలబడి, "వచ్చే శనివారం మీ ఆవిణ్ణి కూడా తీసుకురా. తనకి నేను చూపిస్తాను. తర్వాత తీసుకెళ్ళండి," అంది. పెళ్ళయిన కొత్తలో తెలియక వంటింటి గుడ్డతో ఒక కత్తి తుడిచిందట తను. అందుకని ఇంట్లో అందరికీ తెలిసే దాకా కత్తి ఇంటికి వెళ్ళకూడదు అనేది వాళ్ళిద్దరి పద్ధతి.

నేను వెంటనే, "మా ఆవిడకి వీటి మీద ఇంట్రస్ట్ లేదండీ," అన్నాను.

అది అబద్ధం. ఎందుకాడానో కూడా చెబుతాను. ఆ గదిలో నేనొక ప్రత్యేకమైన మనిషిని. అక్కడ నా ఆఫీసు గొడవ ఎవరికీ తెలీదు, వీసా తెలీదు, ఇల్లు కొనలేదనీ తెలీదు. మా ఆవిణ్ణి తీసుకొస్తే తను మరో నెలలో నాకంటే బాగా చూడ్డం నేర్చుకుంటుందని నాకు లోపల ఎక్కడో తెలుసు. ఇంట్రస్ట్ లేదన్నది నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. ఆ దంపతులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కత్తి నా చేతిలో పెట్టారు.

ఇంట్రస్ట్ లేదా? పళ్ళ డాక్టరింటికి వెళ్ళొచ్చిన మొదటి రోజే మా ఆవిడ నా చొక్కా వాసన చూసి, "లవంగ నూనె వాసనేంటండీ, పన్ను నొప్పా?" అంది. కత్తికి రాసే నూనెలో లవంగం కలుపుతారు అన్నాను. "ఎందుకు కలుపుతారు? తుప్పు పట్టకుండానా, వాసనకా?" అని అడిగింది. కెమిస్ట్రీ చదివిన మనిషి అడగాల్సిన ప్రశ్న. నాకు జవాబు తెలీదు. తెలీదని చెప్పడం చేతకాక, "నీకు చెప్పినా అర్థం కాదులే," అన్నాను.

ఇంకో ఆదివారం నేను కత్తి తుడుస్తుంటే వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏదో అడగబోయింది. నేను పెదాల మీద వేలు పెట్టుకున్నాను. కత్తి మీద మాట్లాడకూడదు కదా. నియమం నియమమే. కానీ ఒరలో పెట్టేశాక అయినా, ఏమడిగావు అని నేను అడగలేదు. మరోసారి, "ఆ పిడి లోపల ఏముంటుంది?" అంది. మణికట్టు గుద్ది పిడి ఊడదియ్యడం నాకు కొత్తగా వచ్చిన విద్య, అది చూపించుకోవాలని ఊడదీశాను. "సంతకం ఉంటుంది," అన్నాను. తను దగ్గరగా వంగింది. "లైట్‌కి అడ్డం రాకు," అని మళ్ళీ బిగించేశాను.

దసరా వచ్చింది. ప్లేనోలో దసరా అంటే పార్కింగ్ లాట్‌లో కార్లకి బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించడం, లాప్‌టాప్‌లు వరసగా పేర్చి వాటి మీద పూలు చల్లడం. ఆ ఏడు మా ఇంట్లో చేద్దామని మా ఆవిడ రెండు కుటుంబాలని భోజనానికి పిలిచింది. "అందరిళ్ళలో కార్లు, కంప్యూటర్లు. మనింట్లో నిజంగా ఆయుధం ఉంది," అని ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే విన్నాను. గొంతులో ఎంత గర్వమో. అది నా వస్తువు గురించి, నా గురించి. ఆ మాట వినే అయినా నేను మేలుకోవాల్సింది.

సాయంత్రం ఆఫీసునించి వచ్చేసరికి అతిథులు వచ్చేశారు. దేవుడి ముందు పీట మీద ఎర్రటి జాకెట్టు గుడ్డ, దాని మీద కత్తి. ఒర ఒక పక్క, పిడి ఒక పక్క. ఊడదీసి పెట్టింది. కత్తి మీద బొట్టు పెట్టలేదు, పసుపు రాయలేదు, పూలు చుట్టూతా పెట్టింది కానీ ఇనుముకి తగలనివ్వలేదు. నేను తుడిచే పద్ధతి చూసి అంతవరకు తనంతట తానే నేర్చుకుంది. పిడిలోకి దూరే భాగం మాత్రం గిన్నెలాగా మెరుస్తోంది.

"లోపలంతా తుప్పు పట్టి ఉందండీ, పాపం మీరు చూసుకున్నట్టు లేరు," అంది నవ్వుతూ. "చింతపండులో నానబెట్టి రెండు గంటలు తోమాను. చూడండి, ఇప్పుడు అక్షరాలు ఎంత బాగా కనపడుతున్నాయో!"

కనపడుతున్నాయి. మూడొందల ఏళ్ళు మా వంటింటి సింక్‌లోంచి పోయాయి. ముప్ఫై ఏళ్ళు ఒక ముసలాయన అడగడానికి భయపడ్డ ప్రశ్న కూడా దాంతోపాటే పోయింది.

అప్పుడు నేనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టే రాస్తాను. "కనపడిందల్లా తోమడం తప్ప ఇంకేం రాదా నీకు? ఎమ్మెస్సీ అట, ఎమ్మెస్సీ! పనిమనిషికున్నంత ఇంగితం కూడా లేదు," అన్నాను. అరిచాను. రెండు కుటుంబాల ముందు, దేవుడి ముందు. వచ్చినవాళ్ళలో ఒకతను, "అదేంటి బాసూ, తళతళలాడుతోంది కదా, ప్రాబ్లమ్ ఏంటి?" అన్నాడు. వాళ్ళావిడ అతని మోచెయ్యి గిల్లింది.

మా ఆవిడ ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళి చక్రపొంగలి తెచ్చి అందరికీ వడ్డించింది. నాకూ వడ్డించింది. చింతపండు పులుపుకి తన వేళ్ళ చివర్లు తెల్లగా నాని ఉన్నాయి.

ఆ తర్వాత నేను కత్తి తుడుచుకునే బల్ల దగ్గరకి తను రాలేదు. బల్ల మీద దుమ్ము పేరుకుంది, తుడవలేదు. మాటలు ఆగిపోలేదు, అన్నం పెట్టనా, ఫోన్ వచ్చింది, పాలు అయిపోయాయి, అన్నీ ఉన్నాయి. అడగడం మాత్రం పోయింది. ఇది ఏంటి, అది ఎందుకు అని తను నన్ను ఏదీ అడగలేదు. శుక్రవారం పూజ జరిగేది. దీపపు కుందులు మాత్రం మెల్లగా నల్లబడటం మొదలుపెట్టాయి. నేను చూశాను, అనలేదు. అనే మొహం ఎక్కడుంది?

ఆ చలికాలం నేను పళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళలేదు. పని ఎక్కువగా ఉందని ఫోన్‌లో చెప్పాను. ప్రదర్శన దగ్గరపడుతోంది. ఆయనకి ఎలా చెప్పాలో తెలీక, చెప్పకుండా తప్పించుకోవడం ఎలాగా అని ఆలోచించాను. చివరికి సిగ్గు విడిచి మా ఆవిడ దగ్గరికే వెళ్ళాను. "ఇనుముని మళ్ళీ నల్లగా చెయ్యొచ్చా? నీకు తెలిసే ఉంటుంది కదా," అన్నాను. పెళ్ళయిన ఏడేళ్ళలో తన చదువుతో నాకు పనిబడింది అదే మొదటిసారి.

"చెయ్యచ్చు. టీ డికాషన్‌తో కూడా నల్లబడుతుంది," అంది. "ఎందుకు?"

చెబుదామని నోరు తెరిచాను. మోసం చెయ్యడానికి అని చెప్పాలి. "అదంతా నీకు..." అని ఆగిపోయాను.

"అర్థం కాదు," అని తనే పూర్తి చేసి, కూరగాయలు తరుక్కోవడానికి వెళ్ళిపోయింది. డికాషన్ జోలికి నేను పోలేదు.

ప్రదర్శన ఒక హోటల్లో. బల్లల మీద తెల్లటి గుడ్డలు, అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. పళ్ళ డాక్టరుని ఆయన భార్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన కొత్త కోటు వేసుకున్నాడు. వరసలో నిలబడ్డాం. మా వంతు రావడానికి ఇంకా ముగ్గురున్నారనగా, "లోపలికి ఇచ్చేముందు ఒక్కసారి చూడనీ," అన్నాడు. నేను కాదనలేకపోయాను. ఒర తీశాడు, మేకు తీశాడు, మణికట్టు మీద గుద్దాడు.

మసకబారిన కళ్ళకి కూడా కనపడింది. ఆయన భూతద్దం తీయలేదు. కాసేపు అలాగే పట్టుకుని, మళ్ళీ పిడి బిగించి, మేకు పెట్టి, ఒరలో పెట్టి, కత్తికి తల వంచి దణ్ణం పెట్టి నాకిచ్చాడు. చేతులు ఎప్పట్లాగే నిదానంగా ఉన్నాయి.

"ఎవరు?" అన్నాడు.

"మా ఆవిడ," అన్నాను. వెంటనే, ఊపిరి తీసుకోకుండా, "దసరాకి, మా ఆచారం..." అని కూడా అన్నాను.

"ఆమెకి ఎవరూ చెప్పలేదా?"

ఆయన కోపంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. ఒక ఇంట్లో ఇద్దరు మనుషులుండి, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడం ఎలా జరుగుతుందో ఆయనకి అర్థం కాలేదు. ఆయన భార్యకి మాత్రం అర్థమైంది. నన్ను ఒక్కసారి చూసి, కాఫీ తెస్తానని వెళ్ళిపోయింది.

కత్తి లోపలికి ఇచ్చాం. జపాన్ పెద్దాయన పిడి ఊడదీసి, ఒక్క చూపు చూసి, పక్కాయనకి అందించాడు. అంచు మీద గీత ఆయన చూడనే లేదు. సంతకం గురించి ఏమీ చెప్పలేం అని కాయితం వచ్చింది. నిజం కాదని కూడా రాయలేదు. కాదని రాసినా పళ్ళ డాక్టరుకి ఒక జవాబు దొరికేది. ఆ కాయితం ఆయన చేతికిస్తే మడిచి జేబులో పెట్టుకుని, నాకు మళ్ళీ ఇవ్వలేదు. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ ఆయన పడుకున్నారని ఆయన భార్య మర్యాదగానే చెప్పింది. మూడోసారి చెయ్యలేదు. ఆయన ఉన్నారో లేరో నాకు తెలీదు.

ప్రదర్శన నుంచి ఇంటికొచ్చేసరికి ఆదివారం సాయంత్రం అయింది. మా ఆవిడ దోసెలు వేస్తోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఎవరో అడిగినట్టు, మొదటినించీ మొత్తం చెప్పాను. సంత, కళ్ళకద్దుకోవడం, బల్బు, పొగమంచు గీత, ఆ లోపలి నలుపు ఎందుకు తుడవకూడదో, ఆ ముసలాయన ముప్ఫై ఏళ్ళ భయం, ఆయన భార్య మా ఆవిణ్ణి తీసుకురమ్మంటే నేనేం చెప్పానో, అన్నీ. ఇంట్రస్ట్ లేదన్న మాట దాటేసి ఉండచ్చు. అయినా చెప్పాను. తను వింటూ పిండి పరిచి, అంచుల వెంట నూనె వేసి, దోసె తిరగేసింది.

తర్వాత అట్లకాడతో పెనాన్ని చిన్నగా తట్టింది.

"అంటే, దీనిలాగా అన్నమాట," అంది.

నేను పెనం వంక చూశాను.

"దోసె పెనంలాంటిది, తోమకు అని ఒక్క మాట అంటే అయిపోయేది కదండీ."

నిష్ఠూరంగా అనలేదు. లెక్క తేలిన మనిషిలాగా అంది. దోసె నా కంచంలో వేసి, ఇంకో గరిటె పిండి పెనం మీద పోసింది.

వీసా మీద ఉన్న భార్యలకి పని చేసుకునే అనుమతి రావడానికి ఇంకా ఐదేళ్ళు పట్టింది. ఇప్పుడు తను ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది, సాయంత్రం ఇంటికొచ్చి ఆ విశేషాలు ఫోన్‌లో వాళ్ళ అక్కకి చెబుతుంది. నాకు చెప్పదు. ఓసారి నేను అడిగితే, "ఏముందండీ, అదో పని," అంది. కత్తి లోపలి భాగం మీద అక్కడక్కడ ఎర్రగా, పచ్చి తుప్పు వస్తోంది. అది నల్లబడేసరికి మేమిద్దరం ఉండం.

ఆ పెనాన్ని తెల్లగా తోమింది నేను. అది ఎందుకు తోమకూడదో ఆమె నాకు ఒక్క వాక్యంలో చెప్పింది, నాకు ఒక్క వాక్యంలో అర్థమైంది. ఏడేళ్ళు రోజూ ఆ పెనం మీద దోసెలు తిన్నాను. ఆ మాట తనకి చెప్పాలని మాత్రం నాకు తట్టలేదు.